పాత జీపు ట్రక్కు వెనక హౌసింగ్‌కి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్: గట్ల దారుల్లో తిరిగే బండికి ఏది కొనాలి

ఏటా మొదటి వాన పడగానే మా బండి ఒకసారైనా కాలువ గట్టు మీద దిగబడేది. వెనక ఎడమ చక్రం గిర్రున తిరుగుతూ కొబ్బరికాయల మీదకి బురద చిమ్మేది. కుడి చక్రం మాత్రం గట్టి నేల మీద ఉండి కూడా కదిలేది కాదు. దింపు కూలీలు నలుగురు దిగి తోస్తే గానీ బయటపడేవాళ్లం కాదు. ఆ కుడి చక్రం చేత పని చేయించడం ఎలాగో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మధ్యలో ఒక తప్పు సరుకు కొని డబ్బు పోగొట్టుకున్నాను. పాత జీపు ట్రక్కులు ఇంకా పనికి వాడుకుంటున్నవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఆ ఖర్చు తప్పాలని ఇదంతా రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. బండి 1984 మహీంద్రా, జీపు ఛాసిస్ మీద వెనక చెక్క బాడీ కట్టించినది. మా నాన్నగారు కొన్నారు. తోటలోంచి కాయ రాశి దగ్గరికి, రాశి దగ్గర్నుంచి మార్కెట్‌కి, అప్పుడప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వైపు తిరుగుతుంది. మొదట్లో ఫోర్ వీల్ బండే. డీజిల్ కలిసొస్తుందని నాన్నగారు ముందు చక్రాలకి బలం మోసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు తీయించేశారు, తర్వాత ముందు హౌసింగ్ (రెండు చక్రాల మధ్య గేర్లు, రాడ్లు ఉండే ఇనుప గూడు) లోపలి సామాను కూడా ఎటో పోయింది. మీ బండికి ముందు హౌసింగ్ పనిచేసే స్థితిలో ఉంటే ముందు దాన్ని బాగుచేయించుకోండి. అదయ్యాక కూడా చాలకపోతేనే ఈ ఖర్చు పెట్టండి.

టైర్ల సంగతి కూడా ముందే చూసుకోవాలి. కట్టలు అరిగిపోయిన టైర్లతో బురదలోకి దిగి డిఫరెన్షియల్‌ని, అంటే హౌసింగ్ లోపల రెండు చక్రాలకీ బలం పంచే గేర్లని, తిట్టుకుంటే లాభం లేదు. లోడు ఖాళీ అయ్యాక వెనక చక్రాల మీద బరువు తగ్గి పట్టు పోతుంది. అందుకే ఖాళీ బండితో తోటలోకి వెళ్లేటప్పుడు రెండు ఇసుక బస్తాలు వెనక వేసుకుంటే తేడా తెలుస్తుంది. ఇవి చేశాక కూడా ఒకే చక్రం తిరుగుతూ ఉంటే అప్పుడు హౌసింగ్ విప్పే ఆలోచన చేయండి.

ఇంతకీ ఒకే చక్రం ఎందుకు తిరుగుతుంది? మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానంగానే బలం పంచుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి వేగంలో తేడాని ఒప్పుకుంటుంది గానీ, బలంలో తేడాని ఒప్పుకోదు. ఎడమ చక్రం బురదలో 20 పాళ్ల బలానికే జారిపోయిందనుకోండి. కుడి చక్రం గట్టి నేల మీద 100 పాళ్లు పట్టగలిగినా దానికి అందేది కూడా 20 పాళ్లే. రెండూ కలిపి 40. బండి కదలడానికి 70 కావాలంటే, మీరు ఎంత యాక్సిలరేటర్ తొక్కినా కదలదు, ఎడమ చక్రం గొయ్యి తవ్వుకుంటూ పోతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే మనం ఎల్‌ఎస్‌డి అనేది, ఈ సమాన పంపకాన్ని కొంతవరకు మారుస్తుంది. జారే చక్రానికి అందేదానికంటే పట్టున్న చక్రానికి ఎక్కువ పంపిస్తుంది. ఆ ఎక్కువ ఎంత, ఎలా పంపిస్తుంది అన్న దగ్గరే రకాలు విడిపోతాయి.

రకాల్లోకి వెళ్లేముందు మన నేల గురించి ఒక మాట. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడబోయాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా కాలువలు, బోదెలు, వాటి గట్లు అల్లుకున్నాయి. తోటలోకి వెళ్లే దారి అంటే చాలా ఊళ్లలో గట్టే. వెడల్పు బండికి సరిపోయేంత, ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను. నీళ్లు నిలవకుండా నడుమ కాస్త ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా ఉంటుంది. దాని మీద మొదటి వాన పడితే ఒండ్రు మట్టి పైపొర వెన్నలా అవుతుంది, కింద మాత్రం రాయిలా గట్టిగానే ఉంటుంది. ఇలాంటి చోట ముందుకి కదలడం ఒక్కటే సమస్య కాదు, పక్కకి జారడం అంతకంటే పెద్ద సమస్య.

తిరుగుతూ జారుతున్న టైరుకి పక్కకి ఆపుకునే పట్టు దాదాపు ఉండదు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గిర్రున తిరిగినా రెండోది నేలని పట్టుకుని ఉంటుంది. ఆ రెండోదే బండి తోకని గట్టు మీద నిలబెడుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి జారాయా, వెనక భాగం వాలు ఎటుంటే అటు పోతుంది. మన వైపు ఆ వాలు చివర కాలువ ఉంటుంది. కాబట్టి ఎంత పట్టు కావాలి అని మాత్రమే అడగకండి. పట్టు చాలనప్పుడు ఈ సామాను నా బండిని ఎటు తీసుకెళ్తుంది అని కూడా అడగండి. నేను చేసుకున్న ఎంపిక అంతా ఈ ఒక్క ప్రశ్న మీద నడిచింది.

ట్రాక్టరు నడిపినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారితే డిఫ్ లాక్ పెడల్ తొక్కుతాం, రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటపడుతుంది. కానీ గట్టు ఎక్కి మలుపు తిప్పేటప్పుడు ఎవరూ ఆ పెడల్ మీద కాలు పెట్టరు. ట్రక్కుకి లాకర్ పెట్టించుకోవడం అంటే అదే పెడల్. తనంతట తాను పడే ఆటోమేటిక్ లాకర్ అయితే ఎప్పుడు పడాలో మీ చేతిలో ఉండదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా రెండు చక్రాల్నీ కలిపేస్తుంది, మలుపులో టకటకమని చప్పుడు చేస్తూ బయటి చక్రాన్ని వదులుతుంది. గట్టి కొండ దారుల్లో, రాళ్లలో దానికి మంచి పేరుంది. కాలువ గట్టు మీద లోడుతో వెళ్లే బండికి నేను వద్దంటాను. గాలితోనో కరెంటుతోనో స్విచ్చి నొక్కితే పడే లాకర్ ఇంకో రకం. నొక్కనంతసేపు మామూలు డిఫరెన్షియల్‌లాగే ఉంటుంది కాబట్టి ప్రమాదం తక్కువ. కానీ కంప్రెసర్, గొట్టాలు, వైరింగ్ అన్నీ ఉప్పుగాలికీ వరద నీళ్లకీ తట్టుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్ల వైరింగ్ ఎలా పాడవుతుందో మీకు తెలుసు.

కొత్త మహీంద్రా బండ్లలో కొన్నిటికి, ఉదాహరణకి బొలెరో నియో పై రకానికి, కంపెనీయే వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఇస్తోంది. ఒక చక్రం రెండోదానికంటే బాగా వేగంగా తిరగడం మొదలయ్యాక అదే పడుతుంది, బండి వేగం అందుకుంటే మళ్లీ పడదు. చాలామంది అదే తెచ్చి పాత బండిలో పెట్టొచ్చా అని అడుగుతున్నారు. హౌసింగ్ వేరు, చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు వేరు, క్రౌన్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం) వేరు. మొత్తం హౌసింగే మార్చి, కమాన్ కట్టల దిమ్మలు వెల్డింగ్ చేయించి, బ్రేకులు కలిపితే తప్ప కుదరదు. అది వేరే పని.

ఇక అసలు ఎల్‌ఎస్‌డీల దగ్గరికి వద్దాం. పాత రకం ప్లేట్లది. యాక్సిల్ రాడ్లు దూరే సైడ్ గేర్ల వెనక పలచటి ప్లేట్ల దొంతరలు ఉంటాయి, స్ప్రింగులో వంపు ప్లేట్లో వాటిని నొక్కి పట్టుకుంటాయి. రెండు చక్రాల వేగంలో తేడా వస్తే ప్లేట్లు రాసుకుని ఆ తేడాని అడ్డుకుంటాయి. అమెరికాలో 1956లో ప్యాకార్డ్ కార్లలో వచ్చినది ఈ జాతే, పాత జీపులకి దొరికే పవర్-లాక్, ట్రాక్-లాక్ అనే పేర్లు కూడా ఈ జాతివే. దీని పెద్ద గుణం ఏంటంటే, స్ప్రింగు నొక్కుడు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఒక చక్రం పూర్తిగా గాల్లో ఉన్నా రెండోదానికి కొంత బలం అందుతుంది. ప్లేట్లు అరిగితే కొత్తవి వేసి మళ్లీ కట్టుకోవచ్చు. చెడు ఏంటంటే, అరగడం ఖాయం. ఎక్కువ వేగంగా అరిగేది మన నేల మీదే, ఎందుకంటే వర్షాకాలమంతా అవి రాసుకుంటూనే ఉంటాయి. గేర్ ఆయిల్‌లో ఈ ప్లేట్లకని ప్రత్యేకంగా ఒక మందు కలపాలి. అది మరిచిపోతే మలుపుల్లో వెనక నుంచి గడగడమని వణుకు వస్తుంది. నీళ్లు చేరితే మామూలు డిఫరెన్షియల్ కంటే ముందు ఇదే పాడవుతుంది. ప్లేట్ల బదులు గరాటు ఆకారంలో రెండు కోన్‌లు ఉండే రకం కూడా ఉంది. అది అరిగితే మామూలుగా విప్పి కట్టే పని ఉండదు, మొత్తం మార్చాల్సిందే. పాత సామానులో అది కనబడితే వదిలేయండి.

రెండోది గేర్ల రకం. ఇందులో ప్లేట్లే లేవు. ఏటవాలు పళ్లున్న చిన్న గేర్లు కేసు లోపల గూళ్లలో కూర్చుని ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కి బలం పడగానే ఆ గేర్లు గూడు గోడలకేసి ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడే జారే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. ఇలాంటి గేర్ల పద్ధతికి అమెరికాలో వెర్నాన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంట్ తీసుకున్నాడు, దాన్నుంచే తర్వాత టార్సెన్ అనే పేరు వచ్చింది. పాత ట్రక్కుల హౌసింగ్‌లకి బాగా తెలిసినది డెట్రాయిట్ ట్రూట్రాక్. యాక్సిలరేటర్ వదిలితే ఒత్తిడి వదిలిపోయి దాదాపు మామూలు డిఫరెన్షియల్ అయిపోతుంది. అందుకే మలుపులో, దిగుడులో, బ్రేకు వేసినప్పుడు బండి ముందు ఎలా నడిచేదో అలాగే నడుస్తుంది. మామూలు జీఎల్-5 గేర్ ఆయిల్ చాలు. ప్లేట్ల రకానికి కలిపే మందు దీనికి పొరపాటున కూడా కలపకూడదు, ఎందుకంటే ఇది పనిచేసేదే రాపిడి మీద.

ఇందాకటి లెక్క దీనికి వేసి చూద్దాం. ఇలాంటి ట్రక్కు యూనిట్లు జారే చక్రానికి అందే బలానికి సుమారు రెండున్నర నుంచి మూడున్నర రెట్లు రెండోదానికి పంపగలవు. మూడు రెట్లు అనుకుంటే, బురద చక్రం 20 పాళ్లు పడుతుంటే గట్టి చక్రానికి 60 వెళ్తుంది. రెండూ కలిపి 80. మనకి కావాల్సింది 70, బండి కదిలిపోతుంది. కానీ బురద చక్రం గాల్లోకి లేచి దాని పట్టు సున్నా అయితే మూడు సున్నాలు కూడా సున్నాయే. దీని లోపం అదొక్కటే, దానికీ ఉపాయం ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు ఉంచుతూనే ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా తొక్కితే, తేలిన చక్రానికి బ్రేకు అడ్డుపడుతుంది. ఆ అడ్డుకి మూడు రెట్లు రెండో చక్రానికి వెళ్తుంది. ఇది విన్నవాళ్లు చాలామంది హ్యాండ్ బ్రేక్ లాగుతారు. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము వెనక చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె) వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. దాన్ని లాగితే రెండు చక్రాలకీ పోయే బలాన్నే ఆపినట్టు. కాలి బ్రేకే వాడాలి.

మా దారుల్లో చక్రం గాల్లో తేలడం అరుదు. జారుతుంది, కానీ ఎంతో కొంత నేలని తాకుతూనే ఉంటుంది, పైగా పైన లోడు ఉంటుంది. రెండు చక్రాలూ ఒక్కసారిగా కలిసిపోకుండా మెల్లగా బలం మార్చే గుణం గట్టు మీద ప్రాణం కాపాడేది. అందుకని నా ఓటు గేర్ల రకానికి. మీ బండి రాళ్ల గుట్టలెక్కే పనిలో ఉండి చక్రాలు తరచుగా తేలిపోతుంటే ప్లేట్ల రకమో, స్విచ్చి లాకరో చూసుకోండి.

ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్పాలి. కొన్ని షెడ్లలో "స్టార్ పినియన్లు వెల్డింగ్ కొట్టేద్దామండీ, ఖర్చు లేకుండా అయిపోద్ది" అంటారు. నాతో కూడా అన్నారు. స్టార్ పినియన్లంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు. అలా చేస్తే రెండు చక్రాలూ ఎప్పటికీ ఒకటే. తారు రోడ్డు మలుపులో టైర్లు రాసుకుపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా తోస్తుంది. పాత జీపుల్లో చక్రం హబ్బు యాక్సిల్ రాడ్డు కోసు (సన్నబడుతూ పోయే కొన) మీద ఒక కీతో కూర్చుని ఉంటుంది. ఆ కీ తెగడమో, రాడ్డే విరగడమో జరుగుతుంది. బేరింగ్ బయట రాడ్డు విరిగితే చక్రం బండిని వదిలి వెళ్లిపోతుంది. రావులపాలెం దగ్గర హైవే మీద అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

కొనే ముందు కొలవాల్సినవి

నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. పట్నంలో ఒక పాత సామాన్ల కొట్లో "జీపుదేనండీ, ఎల్‌ఎస్‌డీ" అని ఒకటి చూపించారు. చేత్తో తిప్పితే బిగుతుగా ఉంది, బేరం కుదిరింది, తెచ్చేశాను. ఇంటికొచ్చాక మా మేస్త్రి గారు యాక్సిల్ రాడ్డు దానిలో పెట్టి చూశారు. దూరలేదు. క్రౌన్ బిగించి హౌసింగ్‌లో పెట్టి చూస్తే క్రౌన్ పళ్లు పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) పళ్లని అందుకోలేదు. "అబ్బాయ్, కొలవకుండా చెప్పులైనా కొంటావా?" అన్నారాయన. ఆ బిగుతు కూడా మంచి ప్లేట్ల వల్ల వచ్చింది కాదు. విప్పితే ప్లేట్లు కాలి నీలంగా మారి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కొట్టువాళ్లు వెనక్కి తీసుకోలేదు.

కాబట్టి మొదట రేషియో. క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేది. పాత జీపుల్లో ఎక్కువగా 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియను, అంటే సుమారు 5.38. కవరు విప్పకుండా తెలుసుకోవాలంటే రెండు వెనక చక్రాల్నీ ఎత్తి స్టాండ్ల మీద పెట్టి, ముందు చక్రాలకి దుంగలు అడ్డం వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఒక చక్రాన్ని ఇంకొకరిని కదలకుండా పట్టుకోమని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టి అదెన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే రేషియో. ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు పైచిలుకు వస్తే మీది 5.38.

ఇది ఎందుకంటే, డానా 44 అనే జాతి హౌసింగ్‌కి (నా బండిది అదే) ఎల్‌ఎస్‌డీ కేసులు, అంటే క్రౌన్ బిగించే డొప్పలు, రెండు రకాలుగా వస్తాయి. 3.73, అంతకంటే తక్కువ రేషియోలకి ఒకటి. 3.92, అంతకంటే ఎక్కువకి ఇంకొకటి. రేషియో పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది, దాన్ని అందుకోవడానికి క్రౌన్ కూర్చునే అంచు పినియన్ వైపు జరిగి ఉండాలి. నేను కొన్నది మొదటి రకం. నాకు కావాల్సింది రెండోది. డానా 44 అవునో కాదో చూడటానికి వెనక కవరు బోల్టులు లెక్కపెట్టండి, పది ఉండాలి. పోతలో అంకె ఉంటే అదీ చూసుకోండి. పాత బండ్లకి ఎవరెవరో ఏవేవో హౌసింగులు మార్చి ఉంటారు, పుస్తకంలో ఉన్నదే మీ బండి కింద ఉందని నమ్మకండి.

తర్వాత రాడ్డు చివర పళ్లు, అంటే స్ప్లైన్లు. ఇవి డానా 44లో 10, 19, 30 అని మూడు రకాలుగా కనిపిస్తాయి. రాడ్డు బయటికి లాగి, చివర కిరసనాయిలుతో కడిగి, ఒక పల్లుకి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి అక్కడినుంచి లెక్కపెట్టండి. నేను మొదటిసారి 20 అన్నాను, రెండోసారి 19, మూడోసారి మా అమ్మాయి చేత లెక్కపెట్టిస్తే 19. మూడుసార్లు ఒకే అంకె వచ్చేదాకా ఆర్డర్ పెట్టకండి. హబ్బు ఊడదీయడానికి స్క్రూ పుల్లర్ వాడాలి. రాడ్డు చివర సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపల ఇంకొకదాని మీద పడుతుంది. దాని సంగతి ఇప్పుడు చెప్తాను.

కోసు రాడ్లున్న పాత హౌసింగ్‌లో రెండు రాడ్ల లోపలి కొనలకీ మధ్య, డిఫరెన్షియల్ నడిబొడ్డులో, ఒక చిన్న ఇనుప దిమ్మ ఉంటుంది. మలుపులో ఒక చక్రం లోపలికి తోస్తే ఆ తోపు ఈ దిమ్మ మీదుగా రెండో రాడ్డుకీ, దాని బేరింగ్‌కీ చేరుతుంది. దీన్ని థ్రస్ట్ బ్లాక్ అంటారు. మీరు కొనే ఎల్‌ఎస్‌డీలో ఈ దిమ్మకి చోటుందో లేదో అడిగి తీరాలి. లేనిది పెడితే రాడ్లు అటూ ఇటూ ఆడి బేరింగులు పోతాయి. చాలామంది అమ్మేవాళ్లకి కూడా ఈ ప్రశ్న కొత్తగా ఉంటుంది. జవాబు సూటిగా రాకపోతే అక్కడ కొనకండి.

నేను చివరికి చేసింది ఏంటంటే, 30 పళ్ల గేర్ల రకం యూనిట్, దానికి తగ్గ 30 పళ్ల కొత్త రాడ్ల జత కలిపి తెప్పించుకున్నాను. ఆ రాడ్లు హబ్బు అంచుతో సహా ఒకే ముక్క. బేరింగ్ బయటి కొననే బిగుసుకుని ఉంటుంది కాబట్టి నడిమధ్య దిమ్మ అవసరమే లేదు, కీ తెగే భయమూ లేదు. ఖర్చు పెరిగింది. కానీ ఎల్‌ఎస్‌డీ పెట్టాక ఒక్క రాడ్డు మీద మునుపటికంటే ఎక్కువ బలం పడుతుంది. నలభై ఏళ్ల రాడ్లని ఆ పనికి పెట్టడం నాకు మనసొప్పలేదు. విదేశం నుంచి తెప్పించుకుంటే సుంకం, కొరియర్ ఎంతవుతుందో డబ్బు కట్టకముందే లెక్క వేయించుకోండి. రాడ్లని లేతు షాపులో చేయిస్తే ఏ ఉక్కు వాడుతున్నారో, పళ్లు కోశాక హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ చేయిస్తున్నారో అడగండి. అది చేయని రాడ్డు మెలితిరిగిపోతుంది.

పాత రాడ్లే ఉంచుకునేవాళ్లు పగుళ్లు చూసుకోవాలి. దీనికి మేస్త్రి గారు చూపించిన పద్ధతి నాకు భలే నచ్చింది. రాడ్డుని శుభ్రం చేసి కిరసనాయిలు బాగా పట్టించి కాసేపు ఉంచారు. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి పలచగా రుద్దారు. ఇద్దరం వెలుగులో పట్టుకుని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి కీ గాడి మూల దగ్గర తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత తేలింది. పగుల్లో దాక్కున్న కిరసనాయిలు బయటికొచ్చి సుద్దని తడిపింది. ఆ రాడ్డుతోనే నేను అప్పటిదాకా లోడు లాగుతున్నాను.

బిగించేటప్పుడు

ఇది ఇంట్లో చేసే పని కాదు, క్రౌను పినియను కట్టిన అనుభవం ఉన్న మేస్త్రి కావాలి. అయినా పక్కనే ఉండి కొన్ని చూసుకోండి. బేరింగ్ క్యాపులు ఏ పక్కవి ఆ పక్కకే వెళ్లాలి, విప్పకముందే పంచ్‌తో గుర్తు పెట్టించండి. పాత కేసు కింద ఏ పక్క ఎన్ని షిమ్ములు (సర్దుబాటుకి వేసే పలచటి రేకులు) ఉన్నాయో రాసుకోండి. క్రౌన్ వెనక అంచు, కొత్త కేసు అంచు రెండూ చేత్తో తడిమి చూడండి, చిన్న గరుకు ఉన్నా క్రౌను వంకరగా కూర్చుంటుంది. క్రౌనుకీ పినియనుకీ మధ్య ఆట డయల్ గేజితో కొలవాలి. సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్ ఏమంటే అదే ఖాయం. "చేతికి తెలిసిపోద్దండీ" అంటే ఒప్పుకోకండి. తర్వాత క్రౌను పళ్లకి మార్కింగ్ రంగు పూసి తిప్పితే పినియను ఎక్కడ తాకుతోందో అచ్చు పడుతుంది. అచ్చు పల్లు నడుమ పడాలి. అంచుకో, మొదలుకో పోయిందంటే షిమ్ములు మార్చి మళ్లీ చూడాలి. మాకు నాలుగోసారికి కుదిరింది. పొద్దున మొదలుపెడితే చీకటి పడింది, అయినా మేస్త్రి గారు మూడోసారికి సర్దుకుపోలేదు. ఆయన ఓపికకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

రెండు వెనక టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి రీట్రేడ్ చేసినది అయితే తిన్నని రోడ్డు మీద కూడా చుట్ల తేడా వస్తూ ఎల్‌ఎస్‌డీ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. ప్లేట్ల రకమైతే అరిగిపోతుంది.

ప్రాణాల మీదకి తెచ్చే పొరపాటు ఒకటుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్నప్పుడు ఒక వెనక చక్రాన్ని జాకీ మీద ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరు వేసి శబ్దం వినడం మన షెడ్లలో అలవాటు. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండికి అలా చేస్తే నేల మీదున్న చక్రం బండిని జాకీ మీంచి లాగేస్తుంది. రెండు చక్రాలూ ఎత్తాలి, లేదా ఇంజిన్ ముట్టుకోకూడదు. నేను డ్యాష్‌బోర్డు మీద ఎర్ర పెయింటుతో "వెనక ఎల్‌ఎస్‌డీ" అని రాయించాను, నేను లేనప్పుడు టైరు మార్చేవాళ్ల కోసం.

హౌసింగ్ పైన గాలి వదిలే చిన్న వాల్వు ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటారు. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆగస్టులో గోదావరి పొంగి లంక ఊళ్ల కాజ్‌వేల మీదకి నీళ్లు వచ్చినప్పుడు మన బండ్లకి జరిగేది ఇదే. ఆ వాల్వు తీసేసి దాని చోట ఒక రబ్బరు గొట్టం తగిలించి బాడీ పైదాకా తెచ్చి కట్టుకుంటే చాలు, ఖర్చు ఏమంత కాదు. నీళ్లలోంచి వచ్చిన వారంలోగా ఆయిల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే వెంటనే మార్చేయండి.

నడపడం కూడా కాస్త మారుతుంది. ఇంతకుముందు జారగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేవాణ్ని. ఇప్పుడు జారబోయే చోటుకి ముందే రెండో గేరులో సన్నగా, ఒకే తీరుగా తొక్కుతూ వెళ్తాను. బలం తెగకుండా పడుతుంటేనే లోపలి గేర్లు ఒత్తుకుని ఉంటాయి, వదిలి వదిలి తొక్కితే వదిలేస్తాయి. గట్టు వాలుగా ఉన్నచోట వెనక భాగం పక్కకి కదులుతున్నట్టు నడుముకి తెలియగానే యాక్సిలరేటర్ వదిలేస్తాను. అప్పుడది మామూలు డిఫరెన్షియల్ అయిపోయి తోక నిలబడుతుంది. ఇది చేతికి రావడానికి ఖాళీ బండితో, కాలువ లేని పుంత దారిలో, వాన పడ్డ రోజు ఒక పూట తిరిగి నేర్చుకోండి.

బిగించాక మొదటి లోడు కాయలు, సఖినేటిపల్లి రేవుకి. పోటు దిగి రేవు వాలు అంతా బురద తేలి ఉంది. పంటు పలకల మీదకి ఎక్కేచోట ఏటా ఆగిపోయేది మా బండే. ముందు చక్రాలు పలక ఎక్కాయి, వెనక ఎడమది ఒక్క క్షణం జారింది, నేను కాలు కదపలేదు. కుడి చక్రం పట్టుకుని మెల్లగా తోసింది, పైకి వెళ్లిపోయాం. పంటు మీద పనిచేసే కుర్రాడు తోయడానికని అప్పటికే వెనక్కి వచ్చి నిలబడి ఉన్నాడు. "ఏవండీ, ఫోర్ వీల్ మళ్లీ పెట్టించారా?" అని వంగి బండి కిందకి చూశాడు. 800 కిలోమీటర్లు తిరిగాక కవరు విప్పి ఆయిల్ మార్చాం. అడుగున వేలికి తగిలీ తగలనంత మెత్తటి ఇనుప పొడి, అంతే. ముక్కలేవీ లేవు. మేస్త్రి గారు గుడ్డతో తుడిచి, కొత్త ప్యాకింగ్ వేసి, కవరు బోల్టులు పదీ తన చేత్తోనే బిగించారు.